హౌస్ వైఫ్: ఒక మాట నడిచొచ్చిన దారి

ఇంగ్లీషు మొదలుపెట్టిన ఒకటి రెండేళ్లలోనే మన పిల్లలకి 'హౌస్ వైఫ్' అనే మాట వచ్చేస్తుంది. 'మై మదర్' అనే వ్యాసం ఉంటుంది కదా, అందులో వస్తుంది. 'మై ఫాదర్' వ్యాసంలో నాన్న ఒకచోట రైతు, ఒకచోట గుమాస్తా, ఒకచోట డాక్టరు. పిల్లవాడు తన ఇంటిని బట్టి ఆ ఖాళీ నింపుకుంటాడు. అమ్మ వ్యాసంలో ఖాళీ ఉండదు. 'మై మదర్ ఈజ్ ఎ హౌస్ వైఫ్' అని గైడులోనే అచ్చయి ఉంటుంది. కూలికి పోయే తల్లుల పిల్లలూ అదే బట్టీ పట్టి అదే రాస్తారు. నా చిన్నప్పుడు మా బడిలో అందరం అలాగే రాశాం.

ఆధునిక తెలుగు కథలో ఇంటిపని గురించి పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో ఈ మాట నన్ను తెగ విసిగించింది. ఇంగ్లీషులో పేపరు రాసినప్పుడల్లా 'గృహిణి' దగ్గర 'హౌస్ వైఫ్' అని రాయాలి. తెలుగులోకి మార్చినప్పుడల్లా 'హౌస్ వైఫ్' దగ్గర 'గృహిణి' అని రాయాలి. రెండూ సమానమేనా? అసలు ఆ ఇంగ్లీషు మాటకి పుట్టుకనుంచీ ఇదే అర్థమా? నిఘంటువులు తిరగేయడం మొదలుపెట్టాక థీసిస్‌తో సంబంధం లేని చోట్లకి చాలా దూరం వెళ్లిపోయాను. అక్కడ దొరికిన సంగతులు కొన్ని ఇక్కడ చెప్తాను.

మాట 13వ శతాబ్ది నాటిది. 'హూస్' అంటే ఇల్లు. 'వీఫ్' అంటే, ఇది గమనించాలి, భార్య కాదు, స్త్రీ. ఆ పాత అర్థం 'మిడ్ వైఫ్'లో ఇప్పటికీ బతికే ఉంది. కాన్పు సమయంలో 'స్త్రీతో ఉండే మనిషి' అని దాని అర్థం. అందులో పెళ్లి ప్రసక్తి లేదు. చేపలమ్మే ఆమె 'ఫిష్ వైఫ్', బీరు కాచి అమ్మే ఆమె 'ఏల్ వైఫ్'. అంటే మొదట్లో 'హౌస్ వైఫ్' ఒకరి భార్య కాదు, ఒక ఇంటిని నడిపే స్త్రీ. మన 'ఇల్లాలు' అలా కాదు. ఇల్లు, ఆలు కలిసిన మాట అది. 'ఆలు' అంటే భార్యే. రెండు భాషలూ ఒకే జత కట్టినట్టు కనిపిస్తాయి కానీ మొదలైన చోటు ఒకటి కాదు. ఇంగ్లీషు మాట స్త్రీ దగ్గర బయల్దేరి భార్య దగ్గర ఆగింది. మన మాట భార్య దగ్గరే పుట్టింది.

ఆ ఇంటిని నడిపే స్త్రీ ఏం చేసేది? 1615లో గెర్వేజ్ మార్ఖమ్ అనే ఆయన 'ది ఇంగ్లిష్ హజ్‌వైఫ్' అని ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో ఆమెకి తెలిసి ఉండవలసిన విద్యలున్నాయి. మొదటిది వైద్యం. తర్వాత వంట, అత్తర్లూ అరకులూ బట్టీ పట్టడం, ఉన్ని, జనపనార, అవిసెనార వడికి బట్టకి సిద్ధం చెయ్యడం, పాడి, బీరు కాయడం. చెప్పేది మగవాడు, బోధించేది వినయం, విధేయత. అదంతా సరే. కానీ ఆ జాబితాలో వంట ఒక అంశం మాత్రమే. తక్కినవన్నీ తర్వాతి కాలంలో ఒక్కొక్కటీ ఇంటి గడప దాటాయి. వైద్యం కాలేజీకి, బట్ట మిల్లుకి, బీరు కంపెనీకి, పాడి డెయిరీకి వెళ్లాయి. వెళ్లిన ప్రతి పనీ మగవాళ్ల వృత్తో పరిశ్రమో అయింది. మిగిలిన వంటా, తుడవడమూ, కనడమూ, పెంచడమూ ఆమె దగ్గర ఉండిపోయాయి. పారిశ్రామిక విప్లవం స్త్రీల్ని ఇంట్లోంచి బయటికి తెచ్చిందని మనకి పాఠాల్లో చెప్తారు. మధ్యతరగతి స్త్రీ విషయంలో అది ఆమెని ఇంట్లోనే వదిలేసి ఆమె పనుల్ని బయటికి తీసుకుపోయింది.

ఉచ్చారణ సంగతి ఇంకా విచిత్రం. మార్ఖమ్ పుస్తకం పేరులోనే ఉంది చూడండి, జనం దాన్ని 'హజ్‌వైఫ్' అనేవారు, ఇంకా అరిగాక 'హజ్జిఫ్' అన్నారు. ఆ అరుగుదలలోంచే 'హస్సీ' వచ్చింది. మొదట దానికీ ఇంటామె అనే అర్థమే. తర్వాత సిగ్గులేని ఆడది, బరితెగించింది అని దిగజారింది. ఇంటికి కట్టుబడిన స్త్రీకీ, కట్టుబడని స్త్రీకీ రెండు వేర్వేరు పేర్లున్నాయని మనం అనుకుంటాం. ఇంగ్లీషులో ఆ రెండూ ఒకే మాటకి పుట్టిన కవలలు. షేక్స్‌పియర్ 'ఒథెల్లో'లో ఇయాగో బియాంకా గురించి మాట్లాడుతూ వాడే మాట 'హౌస్ వైఫే'. బియాంకా అతని దృష్టిలో ఒళ్లమ్ముకునే మనిషి. ఎం.ఎ.లో ఆ నాటకం చదువుకున్న మా తరగతి అంతా ఆ పంక్తి మీదుగా వెళ్లిపోయింది, ఫుట్‌నోట్ కింద చిన్న అక్షరాల్లో ఉంది కాబట్టి.

'హౌస్ వైఫ్' అనే పేరు ఒక వస్తువుకీ ఉంది. సూదులు, దారాలు, గుండీలు పెట్టుకునే చిన్న గుడ్డసంచీ. బ్రిటిష్ సైన్యం రెండో ప్రపంచయుద్ధం దాకా తన సైనికులకి దాన్ని ఇచ్చేది. తెగిన గుండీ కుట్టుకోడానికి ఒక్కొక్క జవానూ తన 'హౌస్ వైఫ్'ని వెంట తీసుకుపోయేవాడన్నమాట. నవ్వొస్తుంది. ఆమె లేనిచోట ఆమె పని ఆగదు కనక, ఆమె పేరుతో ఒక సంచీ!

ఇప్పుడు 'హస్బెండ్' సంగతి చూద్దాం. దానిలోనూ ముందున్నది ఇల్లే. ఇల్లు, వాకిలి, భూమి ఉన్నవాడు అని స్కాండినేవియా భాషలనుంచి వచ్చిన అర్థం. అతని ఇల్లు కాలక్రమాన పొలంగా, పశువులుగా, పొదుపుగా విస్తరించింది. మన జిల్లా కేంద్రాల్లో పశుసంవర్ధక శాఖ బోర్డు మీద ఇంగ్లీషులో 'యానిమల్ హస్బెండ్రీ' అని ఉంటుంది కదా, అదీ ఈ మాటే. ఒకే ఇంటిలోంచి బయల్దేరిన జంట మాటల్లో ఒకటి ప్రభుత్వ శాఖ అయింది, రెండోది తిట్టయింది. సంస్కృతం కూడా ఇందులో తక్కువ తినలేదు. 'గృహస్థు' అన్నా ఇంట్లో ఉండేవాడనే. కానీ అతనికి అదొక ఆశ్రమం, ధర్మం, హోదా. గృహస్థుని ఎవరూ 'ఖాళీగా ఇంట్లో ఉంటాడు' అనరు.

ఖాళీ అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. 1851లో ఇంగ్లండు జనాభా లెక్కలు తీసినవాళ్లు భార్యల్ని, తల్లుల్ని, ఇంటి యజమానురాళ్లని వృత్తుల పట్టికలో ఒక ప్రత్యేక వర్గంగా పెట్టారు. జీతం లేకపోయినా వాళ్లది పని అని ఒప్పుకున్నారు. 1881 నాటికి అదే స్త్రీలు, అవే పనులు చేస్తూ, 'వృత్తి లేనివారు' అనే గడిలోకి మారిపోయారు. ఈ ముప్పై ఏళ్లలో వంటింట్లో ఏమీ మారలేదు, పట్టిక మారింది. అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త నాన్సీ ఫోల్‌బర్ 1991లో ఈ మార్పు గురించి వివరంగా రాసింది. 'ఉత్పాదక శక్తి లేని గృహిణి' అన్నది 19వ శతాబ్ది ఆర్థిక ఆలోచన తయారుచేసిన మనిషి అని ఆమె వాదన. ఆ తర్వాత 1920లో ఎ.సి. పిగూ అనే ఆర్థికవేత్త తనే ఒక ఇబ్బందిని ఎత్తిచూపాడు. ఒకాయన జీతమిచ్చి పెట్టుకున్న ఇంటిమనిషినే పెళ్లి చేసుకుంటే దేశాదాయం తగ్గుతుంది. ఆమె చేసేది అదే వంట, జీతం ఆగింది కనక లెక్కలో ఆ వంట లేదు. ఇబ్బందిని గుర్తించి, లెక్కని మాత్రం అలాగే ఉంచారు. ఇంతకీ 'ఎకానమీ' అనే మాటకి గ్రీకులో మూలార్థం ఇంటి నిర్వహణ. ఇంటి పేరు పెట్టుకున్న శాస్త్రం ఇంటినే బయటపెట్టింది.

మన దేశానికి ఈ మాట దొరసానులతో వచ్చింది. 1888లో ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ అనే ఇద్దరు ఇండియాలో కాపురం పెట్టే తెల్ల స్త్రీల కోసం ఒక గృహనిర్వహణ పుస్తకం రాశారు. హోదా, పరువు చూపకుండా సామ్రాజ్యాన్ని ఏలలేనట్టే ఇంటినీ ఏలలేమని అందులో నౌకర్ల గురించి హితబోధ. ఇక్కడ 'హౌస్ వైఫ్' అంటే వంట చేసేది కాదు, చేయించేది. తుడిచే చేతులు వేరే కులాల స్త్రీపురుషులవి. దాదాపు అదే కాలంలో మన సంస్కర్తలు చదువుకున్న ఇల్లాలిని తయారుచేసే పనిలో ఉన్నారు. వీరేశలింగం 1883లో 'సతీహితబోధిని' పెట్టారు. ఆ తర్వాత 1928లో మద్రాసునుంచి కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' తెచ్చారు. ఆ పత్రికని నేను తేలిగ్గా తీసిపారేయలేను. దాని పేరులో గృహం ఉంది, లక్ష్మి ఉంది, కానీ దాని పేజీల్లోనే కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' రాశారు, రచయిత్రులకి స్వర్ణకంకణం ఇచ్చిందీ ఆ పత్రికే. ఇంటిని పొగిడిన పత్రికే ఇంట్లో స్త్రీకి కలం పట్టే చోటు ఇచ్చింది. మన సాహిత్య చరిత్రల్లో ఇలాంటి చిక్కుముళ్లు చాలా ఉన్నాయి. వాటిని విప్పకుండా కత్తిరిస్తే మనకే నష్టం.

ఇక నాకు బాగా దగ్గరైన చోటుకి వస్తాను. మా అమ్మగారి వైపు అంతా నరసాపురం ప్రాంతం. అక్కడ లేసు అల్లిక ఉంది. 19వ శతాబ్దిలో స్కాట్లండు మిషనరీలు కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద స్త్రీలకి నేర్పిన పని. తర్వాత కాపు ఇళ్లలోకి విస్తరించి, టేబులు గుడ్డలు, దుప్పట్లు, కాలర్లుగా విదేశాలకి ఎగుమతి అయింది. 1982లో జర్మన్ స్త్రీవాది మరియా మీస్ ఆ స్త్రీల మీద ఒక పుస్తకం వేసింది. పేరు 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్'. ఆ పేరు కింద ఇంకో వాక్యం ఉంది, భారతీయ హౌస్ వైఫ్‌లు ప్రపంచ మార్కెట్టు కోసం ఉత్పత్తి చేస్తారు అని. ఆ చివరి వాక్యమే పుస్తకం అంతా. రోజులో ఆరేడు గంటలు సూది పట్టుకుని కూర్చునే ఆడవాళ్లని, వ్యాపారులూ అధికారులూ, చివరికి ఆ ఇంటి మగవాళ్లూ, తీరికవేళల్లో ఏదో అల్లుకునే గృహిణులనే అన్నారు. అందుకే వాళ్లకి వ్యవసాయ కూలీలకి నిర్ణయించిన కనీస కూలి కంటే తక్కువ ముట్టింది. జనాభా లెక్కల్లో కార్మికులుగా కనపడలేదు. వాళ్ల లేసు ఎగుమతి లెక్కల్లో మాత్రం కనపడింది. 'హౌస్ వైఫ్' అన్న పేరు పని లేనివాళ్లకి పెట్టింది కాదు, పనిని చవగ్గా ఉంచడానికి పెట్టిందని మీస్ తేల్చింది. 1986 నాటి తన తర్వాతి పుస్తకంలో దీన్నే ఒక ప్రక్రియగా చెప్పింది. 'హౌస్ వైఫైజేషన్' అన్న ఆ మాటని నేను 'గృహిణీకరణ' అని రాస్తుంటాను.

మీస్ చెప్పిన ఇంకో సంగతి మన స్త్రీవాదులు ఎక్కువ పట్టించుకోవాలి. కాపు ఇళ్లలో 'ఇంట్లో కూర్చుని' పని చెయ్యడం ఒక మర్యాద. పొలానికి పోయే దళిత స్త్రీకీ తమకీ తేడా అదే. అంటే తక్కువ కూలికి ఒప్పుకోడానికి కారణం ఆకలి ఒక్కటే కాదు, కులం కూడా. పొలం పోయే ఆమెకి 'గృహిణి' అన్న పేరు ఎవరూ ఇవ్వలేదు, ఇంటిచాకిరీ మాత్రం తగ్గించలేదు. 'హౌస్ వైఫ్' అన్న మాట గురించి మనం రాసిన చాలా వ్యాసాల్లో ఆమె లేదు.

మా పెద్దమ్మ లేసు అల్లేది. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టేదాకా. ఆమెది అతుకుపని, వేరేవాళ్లు అల్లిన పువ్వుల్ని కలిపి పెద్ద ముక్క చెయ్యడం. ఏజెంటు దారం కండెలు తూచి ఇచ్చి, ముక్క తూచి తీసుకునేవాడు. ఎవరైనా 'ఏం చేస్తారండీ' అంటే, చేతిలో సూది ఆపకుండానే 'ఏం చేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటాను' అనేది. నేను ఏడో తరగతిలో ఉండగా, రోడ్డు దాటుతుంటే బస్సు కొట్టి చనిపోయింది.

పదోరోజు కాకముందే ఏజెంటు వచ్చాడు, సగం అయిన ముక్కా మిగిలిన దారమూ తీసుకోడానికి. నోటుబుక్కు తెచ్చుకున్నాడు. అందులో పెద్దమ్మ పేరుంది, ఏ నెల ఎన్ని కండెలు, ఎంత ఇచ్చాడు, ఎంత బాకీ, అన్నీ ఉన్నాయి. ఆమె పని చేసిందని చెప్పే కాగితం ఈ లోకంలో అదొక్కటే. మా అన్నయ్య ఆ పుస్తకం ఒకసారి ఇమ్మని అడిగాడు. ఏజెంటు ఇవ్వలేదు. నష్టపరిహారం కేసులో ప్లీడరు గారు వృత్తి దగ్గర ఆగి, 'లేసుకి సాక్ష్యం లేదు కదా, హౌస్ వైఫ్ అని రాసేద్దాం' అన్నారు. అన్నయ్య సరేనన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆ ఫారంలో అంతకంటే రాయగలిగింది లేదు.

అలా రాస్తే ఏమవుతుందో తర్వాత చదువుకున్నాను. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన రెండో షెడ్యూలు ప్రకారం సంపాదన లేనివారికి ఏడాదికి 15,000 రూపాయలు ఊహా ఆదాయం. భార్య అయితే సంపాదించే భర్త ఆదాయంలో మూడో వంతు. (ఆ షెడ్యూలు ఇప్పుడు లేదు.) మూడో వంతు ఎందుకు, సగం ఎందుకు కాదు అని అడిగేవాళ్లు అప్పుడు లేరు. మా పెదనాన్న కౌలురైతు, ఆయన ఆదాయానికీ కాగితం లేదు. లేని కాగితంలో మూడో వంతు ఎంతో మీరే లెక్కేసుకోండి.

న్యాయస్థానాలు ఈ మాట దగ్గర చాలాకాలం తచ్చాడాయి. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు 34 నుంచి 59 ఏళ్ల గృహిణుల సేవలకి నెలకి 3,000 రూపాయలు విలువ కట్టింది. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో జస్టిస్ ఎ.కె. గంగూలీ ఒక ఘోరాన్ని బయటపెట్టారు. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే సుమారు 36 కోట్లమంది స్త్రీలని పనిచేయనివారిగా, బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలతో ఒకే గాటన కట్టారని. అక్కడ ఇంకో ప్రశ్న కూడా అడగాలి, ఒళ్లమ్ముకోవలసి వచ్చిన స్త్రీది మాత్రం పని ఎందుకు కాదు అని. తీర్పులోని ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ ఇయాగో నోట ఒకే మాటగా ఉన్న ఆ ఇద్దరు స్త్రీలు మన జనాభా పట్టికలో మళ్లీ ఒకే గడిలో కలుసుకున్నారు. వాళ్లని విడదియ్యడమే గౌరవం అనుకుంటే ఒకామెకే గౌరవం.

2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పు ఇంకొంచెం ముందుకి వెళ్లింది. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే ప్రధాన వృత్తి అన్న స్త్రీలు 15.98 కోట్లు, పురుషులు 57.9 లక్షలు అని అందులో ఉంది. 2019 కాలవినియోగ సర్వే అంకెలూ ఉన్నాయి. జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు. అయిదు గంటలన్నమాట. లండన్‌లో ఆన్ ఓక్లీ 40 మంది గృహిణుల్ని కలిసి 1974లో వేసిన పుస్తకంలో వారానికి సగటున 77 గంటలు అని తేలింది. అందులో పిల్లల పెంపకమూ కలిసి ఉంది కాబట్టి మన అంకెతో సూటిగా పోల్చలేం.

2023లో సుప్రీంకోర్టు లింగవివక్ష మాటల మీద తెచ్చిన చేతిపుస్తకం 'హౌస్ వైఫ్' వద్దు, 'హోమ్ మేకర్' అనమంది. మంచిదే. భార్య పోయింది, తయారుచేసే మనిషి వచ్చింది. కానీ నాకొక అనుమానం ఉంది. 'హౌస్ వైఫ్' పూర్వం బీరు కాచింది, నూలు వడికింది, మందులు నూరింది. 'హోమ్ మేకర్' తయారుచేసేది 'హోమ్'ని, అంటే ప్రేమని, వాతావరణాన్ని. మర్యాద పెరిగిన కొద్దీ పని గాలిలో కలిసిపోతోందా? పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో శారద తన పేరు మరిచిపోయింది. ఆమెకి కావలసింది మెరుగైన బిరుదు కాదు. చిన్నప్పటి స్నేహితురాలు పిలిస్తే గుర్తొచ్చిన పేరు.

నేషనల్ శాంపుల్ సర్వేలో 92, 93 అని రెండు సంకేతాలుంటాయి. 92 అంటే ఇంటిపని మాత్రమే. 93 అంటే ఇంటిపనితో పాటు కట్టెలేరడం, ఇంటివాడకానికి కుట్టుకోవడం, నేసుకోవడం వగైరా. రెండూ శ్రామికుల లెక్కకి బయటే. లేసు అల్లే స్త్రీ అమ్మకానికి అల్లుతుంది కనక నిజానికి ఈ రెండిట్లోకీ రాదు. ఆమె ఎక్కడికి వస్తుందనేది అడిగేవాడు ఎలా అడిగాడు, ఆమె ఏం జవాబిచ్చింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. మా పెద్దమ్మ కూతురు, అక్క, ఇప్పటికీ అల్లుతుంది. ఆమె దగ్గర చేతివృత్తుల కార్డు ఉంది, అందులో వృత్తి దగ్గర లేసు అల్లిక అని ఉంది. బ్యాంకు పుస్తకంలో హౌస్ వైఫ్ అని ఉంది. ఇల్లు బాగుచేయించుకోడానికి అప్పు కోసం పోయినేడు వెళ్తే, వాళ్లు చూసింది బ్యాంకు పుస్తకం. బావగారి సంతకం తెమ్మన్నారు.